బడి మూసేస్తామంటున్నారు, మాకు ఓటు లేదు, ఇల్లు అమ్ముకుని వెళ్ళిపోవాలా?

డల్లాస్‌కి ఉత్తరాన ఉన్న ఒక ఊరి నుంచి ఒకావిడ రాశారు. తన పేరూ, స్కూల్ డిస్ట్రిక్ట్ (అక్కడి ప్రభుత్వ బడుల్ని నడిపే సంస్థ) పేరూ వద్దన్నారు కాబట్టి రెండూ రాయడం లేదు. ఉత్తరం పెద్దది, కుదించి చెప్తాను.

ఆవిడా భర్తా ఇద్దరూ ఐటీ ఉద్యోగులు, హెచ్‌-1బి మీద ఉన్నారు. గ్రీన్‌కార్డ్ క్యూ ఎప్పటికి కదులుతుందో తెలీదు. 2021లో మూడు శాతం లోపు వడ్డీకి ఇల్లు కొన్నారు. పాత ఇల్లు, వంటగది ఆవిడకి అసలు నచ్చలేదట, అయినా వీధి చివరే ఎలిమెంటరీ స్కూల్ ఉందని కొన్నారు. పాప నాలుగో తరగతి, బాబు ఒకటి. బాబుకి మాటలు ఆలస్యంగా వచ్చాయి. ఆ బడిలోనే ఐఈపీ (ప్రత్యేక సాయం కావాల్సిన పిల్లలకి బడి రాసిచ్చే ప్లాన్) కింద స్పీచ్ థెరపీ ఇప్పిస్తున్నారు, ఈ ఏడాదే పూర్తి వాక్యాలు మాట్లాడుతున్నాడు. ఇండియా నుంచి అత్తగారు వచ్చినప్పుడల్లా వాణ్ణి రోజూ ఆవిడే నడిపించుకుని తీసుకెళ్ళేవారట.

ఇప్పుడు డిస్ట్రిక్ట్ నుంచి ఈమెయిల్ వచ్చింది. పిల్లలు తగ్గారు, బడ్జెట్ లోటు ఉంది, మూసెయ్యాలని ఆలోచిస్తున్న బడుల జాబితాలో వీళ్ళ బడి ఉంది, ఇంకో రెండు నెలల్లో బోర్డు ఓటు వేస్తుంది. భర్త ఏమో ఇల్లు అమ్మేసి ఇంకా పైకి, కొత్త ఊళ్ళకి పోదామంటున్నారు. వాట్సాప్ గ్రూపులో ఒకరు మన పన్నులన్నీ రాష్ట్రం ఎత్తుకుపోతోందంటే, ఇంకొకరు స్టేడియాలకి డబ్బుంటుంది గానీ బడికి ఉండదా అంటారు, మరొకరు వోచర్లు (ప్రైవేటు బడి ఖర్చుకి రాష్ట్రం ఇచ్చే డబ్బు) వస్తున్నాయి, ప్రైవేటులో వెయ్యండి అంటారు. పక్కింటి అమెరికన్ ఆవిడ బోర్డు మీటింగ్‌లో వచ్చి మాట్లాడమంటోంది. "మనం ఇక్కడి వాళ్ళం కాదు, వీసా మీద ఉన్నాం, మైకు ముందు నిలబడాల్సిన ఖర్మ మనకెందుకు అంటారు మా వారు. నా ఇంగ్లిష్ విని నవ్వుతారేమోనని నాకూ భయమే. కానీ ఏడాదికి పదకొండు వేల డాలర్ల పైన ప్రాపర్టీ టాక్స్ కడుతున్నాం, అందులో సగానికి పైన స్కూలుకే పోతోంది. నోరు మూసుకుని కూర్చోవాలా?" అని అడిగారు.

అమ్మా, ముందు ఆ ఈమెయిల్ మీ బడి మంచిది కాదని చెప్పడం లేదు. చాలామంది అక్కడే పొరబడతారు, మీ ఉత్తరంలోనూ ఆ బాధ కనిపించింది ("ఇంత మంచి రేటింగ్ ఉన్న బడిని ఎలా మూస్తారు" అని రెండుసార్లు రాశారు). రేటింగ్‌కీ మూసివేతకీ సంబంధం చాలా తక్కువ. మీ చుట్టుపక్కల చూడండి. రిచర్డ్‌సన్ వాళ్ళు 2024లో నాలుగు ఎలిమెంటరీ బడులు మూసెయ్యాలని తేల్చారు. అదే ఏడాది జూన్‌లో ప్లేనో బోర్డు రెండు ఎలిమెంటరీ, రెండు మిడిల్ స్కూళ్ళ మీద ఓటేసింది. కొపెల్ వాళ్ళు పింకర్టన్ ఎలిమెంటరీని మూసేశారు. మన వాళ్ళు ఎగబడి ఇళ్ళు కొన్న ఫ్రిస్కోలోనే స్టేలీ మిడిల్ స్కూల్ పోయింది. ఇవేవీ చదువు రాని డిస్ట్రిక్ట్‌లు కావు.

లెక్క ఎలా నడుస్తుందంటే, టెక్సాస్‌లో డిస్ట్రిక్ట్‌కి వచ్చే డబ్బు తలకింత అని వస్తుంది. దానికి మూలమైన అంకెని బేసిక్ అలాట్‌మెంట్ అంటారు. 2019లో 6,160 డాలర్లు చేశారు, 2025 దాకా ఒక్క డాలర్ పెంచలేదు, ఈ మధ్యలో ధరలు ఇరవై శాతం పైనే పెరిగాయి. 2025లో పెంచింది 55 డాలర్లు. (టీచర్ల జీతాలకని అదే చట్టంలో విడిగా పెద్ద మొత్తమే ఇచ్చారు, అది వేరే ఖాతా, లోటు పూడ్చుకోవడానికి పనికిరాదు.) పైగా తలలు లెక్కపెట్టేది బడిలో పేరున్న పిల్లల్ని బట్టి కాదు, సగటున రోజూ హాజరయ్యే పిల్లల్ని బట్టి. డిసెంబర్‌లో టికెట్లు చవకని నాలుగు వారాలు ఇండియా వెళ్ళి వచ్చే కుటుంబాలు మీ బడిలో ఎన్ని ఉన్నాయో మీకే తెలుసు. అందులో సెలవులు పోగా మిగిలిన బడి రోజులన్నీ డిస్ట్రిక్ట్‌కి నష్టమే. తొంభై శాతం హాజరు లేకపోతే పిల్లలకి క్రెడిట్‌కే ఇబ్బంది వస్తుందని ఇక్కడి చట్టం, అది ఎలాగూ ఉంది.

ఇప్పుడు ఒక బడిలో వంద మంది తగ్గారనుకోండి. ఆ ఒక్క అంకె కిందే ఆరు లక్షల డాలర్ల పైన రాబడి తగ్గుతుంది. తగ్గింది తరగతికి ముగ్గురో నలుగురో కాబట్టి టీచర్లని తగ్గించలేరు. ప్రిన్సిపాల్ ఒకరే, నర్సు ఒకరే, ఏసీ బిల్లు అంతే. ఊళ్ళో పెద్ద మండువా ఇంట్లో ముసలి దంపతులిద్దరే మిగిలినా ఇల్లు నేయించే ఖర్చు తగ్గదు కదా, అలా. మరి పిల్లలు ఎందుకు తగ్గారంటే, మీ వీధిలో ఇరవై ఏళ్ళ కింద ఇళ్ళు కొన్నవాళ్ళ పిల్లలు కాలేజీలకి వెళ్ళిపోయారు, వాళ్ళు మాత్రం ఇళ్ళు అమ్మరు. ఇప్పటి ధరకీ వడ్డీకీ చిన్న పిల్లలున్న జంటలు అక్కడ కొనలేక ఇంకా ఉత్తరానికి పోతున్నారు. మీ ఆయన కూడా ఇప్పుడు చేద్దామంటున్నది అదే.

వాట్సాప్ గ్రూపులో మన పన్నులు రాష్ట్రం ఎత్తుకుపోతోందని (దీన్నే రాబిన్‌హుడ్ పద్ధతి అంటారు) అన్నది సగం నిజం. 1989లో టెక్సాస్ సుప్రీంకోర్టు, డబ్బున్న ఊరి బడులకీ పేద ఊరి బడులకీ మధ్య అంత తేడా రాజ్యాంగానికి విరుద్ధమంది. 1993లో ఈ పద్ధతి పెట్టారు. స్థానికంగా వసూలైన పన్ను, ఆ డిస్ట్రిక్ట్‌కి రావాల్సిన దానికన్నా ఎక్కువైతే మిగతాది రాష్ట్రానికి కట్టాలి. రీక్యాప్చర్ అంటారు, ప్లేనో లాంటివి ఏటా కోట్ల డాలర్లు కట్టాయి. కానీ గ్రూపులో ఎవరూ చెప్పని ముక్క ఒకటుంది. "రావాల్సింది" అన్నది మళ్ళీ పిల్లల తలల లెక్కే. పిల్లలు తగ్గితే మీ డిస్ట్రిక్ట్ ఉంచుకోగలిగే వాటా తగ్గుతుంది, ఇళ్ళ విలువలు మాత్రం అలాగే ఉంటాయి, కాబట్టి పోయే వాటా పెరుగుతుంది. అంటే మీ ఇంటి ధర పెరిగిందని సంతోషపడ్డ రోజుల్లో మీ బడికి ఒరిగింది దాదాపు ఏమీ లేదు. ఎవరో దోచుకుపోవడం కాదిది, చట్టసభలో రాసుకున్న సూత్రం, దాన్ని మార్చాలన్నా అక్కడే మార్చాలి. మీ స్కూల్ బోర్డులోని ఏడుగురు సభ్యుల (ట్రస్టీల) చేతుల్లో లేదు.

స్టేడియం మాట కూడా చెప్పేస్తాను. మీ పన్ను బిల్లులో స్కూలు పన్ను రెండు ముక్కలుగా ఉంటుంది. ఎం అండ్ ఓ అంటే జీతాలు, కరెంటు, రోజువారీ ఖర్చు. ఐ అండ్ ఎస్ అంటే ఓటర్లు ఒప్పుకున్న బాండ్ల అప్పు తీర్చడం. రెండో దాంట్లో డబ్బు కట్టడాలకీ, బస్సులకీ, కంప్యూటర్లకీ వాడతారు గానీ జీతాలకి వాడకూడదు. ఆలెన్‌లో 60 మిలియన్ డాలర్లతో కట్టిన హైస్కూల్ స్టేడియం 2012లో తెరిచి, కాంక్రీట్ పగుళ్ళిచ్చి 2014లో మూసి మళ్ళీ బాగుచేశారు, దాని మీద ఎంత నవ్వుకున్నా ఆ డబ్బుతో ఒక్క టీచర్‌ని కూడా పెట్టుకునే వీల్లేదు. అయితే అడగాల్సిన ప్రశ్న ఒకటి ఉంది. మీ బడికి ఈ మధ్య బాండ్ డబ్బుతో రిపేర్లు చేశారా, చేసి ఇప్పుడు మూస్తున్నారా? అది అడగండి. ఎం అండ్ ఓ రేటు ఒక హద్దు దాటి పెంచాలంటే ఓటర్ల దగ్గరికి వెళ్ళాలి. ఫ్రిస్కో వాళ్ళు 2024 నవంబర్‌లో వెళ్ళారు, దాన్నీ, దానితో పెట్టిన బాండ్లనీ కలిపి నాలుగూ ఓడించారు జనం.

ఇక మీ ఆయన మాట. "మనం ఇక్కడి వాళ్ళం కాదు" అన్న భయాన్ని నేను తేలిగ్గా తీసుకోను, ఈ రోజుల్లో అసలే తీసుకోను. కాబట్టి చేయకూడనిది ముందు చెప్తాను. మీకు ఓటు లేదు, ఓటరుగా నమోదు కావద్దు. డ్రైవింగ్ లైసెన్స్ ఆఫీసులో ఫారం నింపేటప్పుడు "ఓటరుగా నమోదు చేసుకుంటారా", "మీరు పౌరులా" అన్న గడులు చూడకుండా టిక్ పెట్టేస్తే పౌరసత్వం ఉందని అబద్ధం చెప్పినట్టు అవుతుంది, గ్రీన్‌కార్డ్‌కే శాశ్వతంగా ఎసరు పెట్టే తప్పు అది. ఆ గీత అక్కడుంది. మైకు ముందు నిలబడి మా బాబు థెరపీ సంగతేంటి అని అడగడం ఆ గీతకి ఎంతో దూరం. అజెండాలో ఉన్న అంశం మీద, బోర్డు నిర్ణయం తీసుకునే లోపు, మాట్లాడదలచుకున్న జనాన్ని మాట్లాడనివ్వాలని 2019 నుంచి టెక్సాస్ చట్టం. అందులో పౌరులు అని లేదు. అయినా మీ ఆయనకి మనసు కుదుటపడకపోతే మీ ఇమిగ్రేషన్ లాయర్‌కి ఒక ఈమెయిల్ పెట్టి అడగండి, ఇంట్లో గొడవ కన్నా అది చవక.

ఇంగ్లిష్ గురించి బెంగ పెట్టుకోకండి. ఆఫీసులో రోజూ స్టాండప్ మీటింగ్‌లో మాట్లాడే ఇంగ్లిషే. మరీ అవసరమైతే తెలుగులో మాట్లాడి పక్కన అనువాదం చేసే మనిషిని పెట్టుకోవచ్చు, అలాంటప్పుడు రెట్టింపు సమయం ఇవ్వాలని కూడా ఆ చట్టంలోనే ఉంది. ఒక్కటి ముందే తెలుసుకోండి, మీరు మాట్లాడుతుంటే ట్రస్టీలు బొమ్మల్లా కూర్చుంటారు, బదులివ్వరు. చాలా బోర్డుల పద్ధతే అంత, మిమ్మల్ని చూసి కాదు.

ఇక్కడే మనవాళ్ళకి ఒక తేడా అర్థం కావాలి. ఆంధ్రలో 2022లో మూడు, నాలుగు, ఐదు తరగతుల్ని తీసి హైస్కూళ్ళలో కలిపినప్పుడు ఆ జీవో పై నుంచి వచ్చింది, తల్లిదండ్రులు డీఈఓ ఆఫీసు ముందు ధర్నా చేసుకున్నా ఆయన చేతుల్లో ఏమీ లేదు. ఇక్కడ మీ డిస్ట్రిక్ట్ సిటీ కింద గానీ కౌంటీ కింద గానీ ఉండదు. ఏడుగురు ట్రస్టీలు, మీ పక్క వీధుల వాళ్ళే, జీతం తీసుకోరు, సూపరింటెండెంట్‌ని పెట్టేదీ తీసేదీ వాళ్ళే. వాళ్ళని గెలిపించే ఎన్నికలు చాలా చోట్ల మే నెలలో ఒక శనివారం జరుగుతాయి, పట్టుమని పదిశాతం కూడా ఓటేయని ఏళ్ళే ఎక్కువ. మీకు ఓటు లేదు సరే, మీ గ్రూపులో సిటిజన్‌షిప్ వచ్చిన తెలుగువాళ్ళు ఎంతమంది ఉన్నారు, వాళ్ళలో పోయిన మేలో ఓటేసినవాళ్ళెందరు? రాబిన్‌హుడ్ మీద పొద్దున్నే మెసేజ్ పెట్టే ఆ పెద్దమనిషిని ఈ మాట అడగండి, నాకూ వినాలని ఉంది.

ఇప్పుడు దారులు.

ఉండిపోవడం ఒకటి. బడి మూసినా పిల్లలు గాల్లో ఉండరు, పక్క బడికి జోన్ మారుస్తారు. పాపకి ఎలాగూ మరో ఏడాదిలో ఎలిమెంటరీ అయిపోవచ్చింది, తనకి స్నేహితులు విడిపోతారన్న దిగులు తప్ప పెద్ద నష్టం ఉండదు. బాబు సంగతే చూసుకోవాలి. అదే డిస్ట్రిక్ట్‌లో బడి మారితే ఐఈపీ వాడితో పాటే వస్తుంది, థెరపీ ఆగకూడదు. కానీ కాగితం వచ్చినంత మాత్రాన ఆ థెరపిస్ట్ వస్తుందని కాదు. కాబట్టి ఓటు జరిగేదాకా ఆగకుండా ఇప్పుడే ఆర్డ్ మీటింగ్ (ఐఈపీ గురించి బడివాళ్ళూ తల్లిదండ్రులూ కూర్చునే సమావేశం) కావాలని రాతపూర్వకంగా అడగండి. వారానికి ఎన్ని నిమిషాలు, ఎవరు ఇస్తారు, మారే నెలలో ఖాళీ రాకుండా ఎలా చూస్తారు అన్నది రాయించండి. తర్వాత బస్సు. రెండు మైళ్ళ లోపు దూరానికి మామూలుగా రాష్ట్రం బస్సు డబ్బు ఇవ్వదు, దారిలో ప్రమాదకరమైన రోడ్డు ఉంటే తప్ప. కొత్త బడి మైలున్నర దూరంలో, ఆరు వరుసల రోడ్డు అవతల ఉందనుకోండి, ఇక రోజూ పొద్దునా సాయంత్రం కార్ల వరసలో మీరో మీ ఆయనో. మీ అత్తగారి నడక కథ అక్కడితో సరి. ఈ దారికి ఖర్చు అది.

ఇల్లు అమ్ముకుని పైకి వెళ్ళడం రెండోది. మీ ఆయనది తెలివితక్కువ ఆలోచనేం కాదు, కొత్త ఊళ్ళలో బడులు కొత్తవి, పిల్లలు ఎక్కువ. కానీ కాగితం మీద లెక్క వెయ్యమనండి. మూడు శాతం లోపు లోన్ వదిలి ఇప్పటి వడ్డీకి కొత్త లోన్. ఏజెంట్ కమిషన్. ఆ డిస్ట్రిక్ట్‌లు ఏటా బడులు కట్టుకుంటున్నాయి కాబట్టి బాండ్ల అప్పు ఎక్కువ, ఐ అండ్ ఎస్ రేటు వంద డాలర్ల ఇంటి విలువకి 50 సెంట్ల దాకా పోయినవి ఉన్నాయి, మీ దగ్గర అందులో సగం ఉందేమో బిల్లులో చూడండి. ఆరు లక్షల ఇంటికి హోమ్‌స్టెడ్ మినహాయింపు (తాము ఉండే సొంత ఇంటికి స్కూలు పన్నులో ఇచ్చేది) 1,40,000 పోగా 4,60,000 మీద 25 సెంట్ల తేడా అంటే ఏడాదికి 1,150 డాలర్లు, కొత్త లేఅవుట్లలో నీళ్ళు, రోడ్ల లాంటి వసతుల ఖర్చుకని మడ్, పిడ్ పేర్లతో వేసే అదనపు భారం కాకుండా. (ఆ మినహాయింపుకి పౌరసత్వం అక్కర్లేదు, లైసెన్స్ మీద అడ్రస్ ఆ ఇంటిదై ఉండాలి. ఇప్పటి ఇంటికి మీరు అసలు దరఖాస్తు పెట్టారా? చాలామంది పెట్టరు.) డబ్బు పక్కన పెట్టినా, ఎదిగే డిస్ట్రిక్ట్‌లో బడి నిండగానే జోన్లు మారుస్తారు, పిల్లల్ని పోర్టబుల్ గదుల్లో కూర్చోబెడతారు. మీరు తప్పించుకోవాలనుకున్న బడి మార్పు అక్కడ వేరే కారణంతో ఎదురవుతుంది. వేరే డిస్ట్రిక్ట్ అయితే బాబుకి మొదట అలాంటి సేవలే ఇవ్వాలి గానీ తర్వాత వాళ్ళు తమ ఐఈపీ తాము రాసుకోవచ్చు. ఉద్యోగం అటు మారితేనో, ఇల్లు ఎలాగూ ఇరుకైతేనో వెళ్ళండి. ఈ ఒక్క ఈమెయిల్ చూసి మాత్రం, నన్నడిగితే, తొందరపడొద్దు.

ప్రైవేటూ వోచరూ అన్నవారి మాట కాస్త జాగ్రత్తగా వినండి. 2025లో చట్టం అయింది, 2026-27 నుంచి అమలు, మామూలు పిల్లలకి పది వేల డాలర్ల చిల్లర, ప్రత్యేక అవసరాలున్న పిల్లలకి 30,000 దాకా రావచ్చు. వినడానికి బాగుంటుంది. కానీ ప్రైవేటు బడి ఐఈపీని పాటించి తీరాలని లేదు, మీ బాబుని చేర్చుకోవాలనే లేదు. పబ్లిక్ బడిలో అడిగి తీసుకునే హక్కు అక్కడ బతిమాలుకునే విషయం అవుతుంది. బాబు వాక్యాలు మాట్లాడటం మొదలెట్టిన ఏడాది ఆ ప్రయోగం చేయను నేనైతే.

మూడోది పోరాడటం. నిజం చెప్పాలంటే, జాబితా బయట పెట్టాక బోర్డులు వెనక్కి తగ్గేది తక్కువ. "మా బడిని కాపాడండి" అని టీషర్టులు వేసుకుని వెళ్ళడం తప్పు కాదు, అందరూ అదే చేస్తారు కాబట్టి వాళ్ళకి అలవాటైపోయింది. షరతులు అడిగేవాళ్ళ మాట ఎక్కువ నిలుస్తుంది. మా పిల్లల్ని చేర్చుకునే బడిలో ఖాళీ ఎంత? ఒక తరగతి పిల్లల్ని విడగొట్టకుండా ఒకే బడికి పంపుతారా? స్పీచ్ గదికి చోటుందా లేక వరండాలో పెడతారా? బడి అయ్యాక పిల్లల్ని చూసుకునే ప్రోగ్రాం కొనసాగుతుందా? మూయడం వల్ల ఏటా ఎంత మిగులుతుందని లెక్కేశారు, దాన్ని చూపిస్తారా? ఈ చివరిది ఈమెయిల్‌లో లేకపోతే పబ్లిక్ ఇన్ఫర్మేషన్ చట్టం కింద రాతపూర్వకంగా అడగండి, దానికీ వీసా అడ్డురాదు. పక్కింటావిడ, మీరు, ఇంకో ఇద్దరు తల్లులు తలా ఒక ప్రశ్న పంచుకుంటే మూడేసి నిమిషాల్లో ఇవన్నీ రికార్డులోకి ఎక్కుతాయి.

కొత్త బడి గురించి ఒక్క మాట. రియల్ ఎస్టేట్ యాప్‌లో పది పాయింట్ల రేటింగ్ చూసి బెంబేలెత్తకండి. ఆ అంకెల్లో ఎక్కువ భాగం చుట్టుపక్కల ఇళ్ళ ఆదాయమే కనిపిస్తుంది. రాష్ట్ర విద్యా ఏజెన్సీ ఇచ్చే ఎ నుంచి ఎఫ్ గ్రేడు తీసుకున్నా, అది మూడు భాగాలు చూసి వేసేది. అందులో పిల్లలు ఏడాదిలో ఎంత ఎదిగారన్న భాగం విడిగా చూడండి. అదే ఏజెన్సీ ప్రతి బడికీ వేసే నివేదికలో టీచర్ల అనుభవం ఎన్నేళ్ళో ఉంటుంది, నాకైతే గ్రేడు కన్నా అది ఎక్కువ చెప్తుంది. ఆ తర్వాత ఒకరోజు వెళ్ళి ఆ బడి స్పీచ్ థెరపిస్ట్‌ని కలవండి.

మీ ఆయనతో ఈ వారం ఇల్లు అమ్మాలా వద్దా అన్న వాదన పెట్టుకోకండి. ఓటు అయ్యేదాకా ఏజెంట్‌ని పిలవొద్దు, ఆ లోపు ఆర్డ్ మీటింగ్ అడుగుదాం, పన్ను లెక్క వేద్దాం అని మాత్రం ఒప్పించండి. మీటింగ్‌కి ఆయన మాట్లాడక్కర్లేదు, వెనక కుర్చీలో కూర్చుంటే చాలు. అజెండా కనీసం మూడు పనిదినాల ముందు పెట్టాలి, అది వచ్చిన రోజే తెరిచి చూసి పేరు ఇచ్చేయండి. కొన్ని డిస్ట్రిక్ట్‌లు మాట్లాడేవాళ్ళ జాబితాని మీటింగ్ రోజు మధ్యాహ్నానికే మూసేస్తాయి, మీరు ఆఫీసు అయ్యాక తాపీగా వెళ్తే పేరు ఎక్కించుకోరు.